పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలనుకుంటే ముందు ఒక డమ్మీ కట్టండి

"నేను బొమ్మలు బాగానే వేస్తాను, పిల్లల పుస్తకాలకు వేయాలనుంది, ఎవరికి పంపాలి?" ఈ ప్రశ్న నన్ను వారానికి ఒక్కరైనా అడుగుతారు. విడివిడిగా జవాబులు రాసి రాసి విసిగిపోయి, తెలిసిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఎవరికి పంపాలన్నది చివర్లో వస్తుంది. అసలు పంపడానికి మీ దగ్గర ఏముందో ముందు చూసుకోవాలి. చాలామంది దగ్గర ఉండేవి ముప్పై విడి బొమ్మలు, దేని లోకం దానిదే. ఎడిటర్లు వాటిని చూసి "బాగున్నాయండీ" అంటారు, అక్కడితో సరి. మంచి బొమ్మ ఒకటి వేసేవాళ్ళు వాళ్ళకు బోలెడుమంది దొరుకుతారు. ఒకే పాపను పుస్తకం మొదటి నుంచి చివరిదాకా పాతికసార్లు వేసినా, నవ్వినా ఏడ్చినా పరిగెత్తినా, అది ఆ పాపే అనిపించేలా వేసేవాళ్ళే దొరకరు. మీరు ఆ పని చేయగలరని చూపించాలంటే డమ్మీని మించింది లేదు. డమ్మీ అంటే చేత్తో మడిచి కట్టిన ఉత్తుత్తి పుస్తకం.

కావలసినవి

- ఎ4 కాగితాలు 8, పాడైపోవడానికి ఇంకో 20. పెన్సిలు, రబ్బరు, స్టేప్లరు (లేకపోతే సూదీ దారం).
- ఒక చిన్న కథ, 500 మాటల లోపు. సొంతదైనా సరే, కాపీరైట్ లేని పాత జానపద కథైనా సరే. ఇప్పుడున్న రచయితల కథ అడక్కుండా తీసుకోకండి, సాధన కోసమే అయినా రేపు దాన్ని ఎవరికీ చూపించలేరు.
- స్కానరు, లేదా బొమ్మలు వేసే టాబ్లెట్. రఫ్‌లకు (అంటే పెన్సిలుతో వేసే చిత్తు బొమ్మలకు) ఫోన్ కెమెరా చాలు. ఫైనల్ బొమ్మలకు మాత్రం వద్దు, అంచులు వంగుతాయి, ఒక మూల నీడ పడుతుంది.
- ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోవడానికి ఒక నోట్‌బుక్. ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది కానీ ఆఖరి మెట్టులో దీనితోనే పని.
- నాలుగు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లో పిల్లాడో ఒకరు. ఇంట్లో లేకపోతే గంటసేపు అరువు తెచ్చుకోండి.

1. కాగితాలు మడవండి

ఎనిమిది కాగితాలనూ దొంతరగా పెట్టి మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొట్టండి. ఒక్కో కాగితానికి 4 పేజీలు, మొత్తం 32. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఉండటానికి కారణం అచ్చుపనే. పెద్ద షీటును రెండు వైపులా అచ్చు వేసి మడిస్తే 8 లేదా 16 పేజీల ఫారం వస్తుంది, అలాంటివి కలిపి కుడితే పుస్తకం. కాబట్టి "నా కథకు 29 పేజీలు చాలు" అనడం కుదరదు. 24, 32, 40, ఇలాగే పెరుగుతాయి.

ఇప్పుడు పేజీలకు అంకెలు వేయండి. 1వ పేజీ కుడివైపు ఒంటరిగా వస్తుంది, 32వది ఎడమవైపు ఒంటరిగా మిగులుతుంది. మధ్యలో 2-3, 4-5, ఇలా 30-31 దాకా ఎదురెదురు పేజీల జంటలు 15. ఈ జంటనే స్ప్రెడ్ అంటారు. మీరు ఆలోచించాల్సింది స్ప్రెడ్‌లలోనే. పుస్తకం తెరిచిన పిల్లలకు రెండు పేజీలూ ఒకేసారి కనిపిస్తాయి మరి. పేరు పేజీ, కాపీరైట్ వివరాలు, అంకితం, వీటికి మొదటి రెండు మూడు పేజీలు పోగా కథకు 13, 14 స్ప్రెడ్‌లు మిగులుతాయి. నేను చూసిన డమ్మీల్లో సగానికి సగం పేరు పేజీకి చోటే వదలకుండా 1వ పేజీ నుంచి కథ మొదలుపెట్టేసినవే.

2. కథను ముక్కలు చేసి, తపాలా బిళ్ళంత బొమ్మలు వేయండి

ఒకే కాగితం మీద 15 చిన్న డబ్బాలు గీసి, ప్రతి డబ్బా మధ్యలో నిలువుగా ఒక గీత పెట్టండి. అదే మడత. కథనంతా వీటిలో వేయండి. మనుషులను కర్రపుల్లల్లా గీసినా చాలు. ఒక్కో డబ్బాకు రెండు నిమిషాలు మించకూడదు, మించిందంటే మీరు బొమ్మ మీద మోజులో పడి కథను వదిలేశారని లెక్క. ఇలాంటి కాగితాలు కనీసం మూడు చేయండి. మొదటిదానిలో వచ్చేవి అందరికీ తట్టే ఆలోచనలే.

కథను సమానంగా కోయకండి. మా దగ్గర నేర్చుకునేవాళ్ళకు నేనిచ్చే కథ ఇది: ఒక పాప గొడుగు పోగొట్టుకుంటుంది, వెతుకుతూ వెళ్తుంది, చివరికి ఆ గొడుగు కింద ఒక కుక్కపిల్ల తడవకుండా పడుకుని ఉంటుంది. చాలామంది వెతకడాన్ని పది స్ప్రెడ్‌లు సాగదీసి, కుక్కపిల్ల దొరికే చోటుకు వచ్చేసరికి ఒక్క పేజీలో ముగించేస్తారు. తిరగేసి చూడండి. వెతికే చోట్లు నాలుగింటినీ ఒకే స్ప్రెడ్‌లో నాలుగు చిన్న బొమ్మలుగా పెట్టేయొచ్చు. గొడుగు అంచు కింద నుంచి ఒక తోక మాత్రమే కనిపించే బొమ్మ కుడి పేజీలో రావాలి. పేజీ తిప్పితే, రెండు పేజీలూ నిండా కుక్కపిల్ల. పేజీ తిప్పడం అనేది సినిమాకు లేదు, గోడ మీది పటానికీ లేదు, మన ఒక్కరికే ఉంది. ప్రతి కుడి పేజీ దగ్గరా "ఇక్కడ తిప్పాలని ఎందుకనిపిస్తుంది?" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

ఇంకో పొరపాటు: బొమ్మలన్నీ ఒకే దూరం నుంచి, నాటకం స్టేజీ మీద మనుషులు వరుసగా నిలబడ్డట్టు ఉంటాయి. తనిఖీకి ఆ కాగితాన్ని గోడకు అంటించి మూడు అడుగుల దూరం నుంచి చూడండి. పక్కపక్కన ఉన్న మూడు డబ్బాలు ఒకేలా కనిపిస్తే వాటిలో ఒకదాన్ని మార్చాలి. దగ్గరగా ముఖం, దూరంగా వీధంతా, పైనుంచి, కుక్క కళ్ళతో నేల మీద నుంచి, ఇలా. కథ ముందుకు నడుస్తున్నప్పుడు పాప ఎడమ నుంచి కుడికి వెళ్ళాలి, మన చదువు కూడా అటే కదా. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కుడి నుంచి ఎడమకు వేస్తే, ఎవరూ చెప్పకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

3. పాత్రను ఖాయం చేయండి

దీన్ని దాటేస్తే తర్వాత చాలా ఖరీదు పడుతుంది. ఒక కాగితం మీద మీ పాపను ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి వేయండి. ఆరు ముఖాలు: సంతోషం, కోపం, భయం, సిగ్గు, నిద్రమత్తు, అబద్ధమాడుతున్న ముఖం. పరిగెత్తడం, కూర్చోవడం, బోర్లా పడుకుని బొమ్మలు వేసుకోవడం. పక్కన ఒక బల్ల, ఒక తలుపు, ఒక పెద్దమనిషి, కుక్కపిల్ల, ఎవరి ముందు ఎవరు ఎంత ఎత్తో తేలాలి. పాప మొత్తం ఎత్తు తన తలకు మూడింతలా, నాలుగింతలా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. దాన్ని వదిలేస్తే పుస్తకం సగానికి వచ్చేసరికి పాపకు తెలియకుండానే రెండేళ్ళు పెరుగుతాయి.

నా మొదటి పుస్తకంలో అమ్మాయికి ఎర్ర సంచి ఉండేది, ఎడమ భుజానికి. నేను చూశాను, ఎడిటర్ చూశారు, డిజైన్ చేసినాయన చూశారు, అచ్చుకు ముందు తీసే నమూనా పేజీలు, అంటే ప్రూఫులు, రెండుసార్లు చూశాం. పుస్తకం అచ్చయ్యాక ఒక ఐదేళ్ళ పిల్లాడు 19వ పేజీ మీద వేలు పెట్టి "ఈ అక్క వేరే అక్కా?" అన్నాడు. సంచి కుడి భుజానికి ఉంది. పెద్దవాళ్ళు అక్షరాలు చదువుతారు, చదవడం రాని పిల్లలు బొమ్మనే చదువుతారు, అణువణువూ. అప్పటినుంచి పాత్రకు ఏమేమి ఉన్నాయో ఒక జాబితా రాసి (ఏ భుజానికి సంచి, ఎన్ని గుండీలు, పాపిడి ఎటు, ఏ మోకాలికి పట్టీ) బల్ల ముందు అంటించుకుంటున్నాను, ఒక్కో స్ప్రెడ్ అయ్యాక టిక్కు పెట్టుకుంటూ. టాబ్లెట్ మీద వేసేవాళ్ళకు ఒక హెచ్చరిక: బొమ్మను అద్దంలోలా తిప్పి తప్పులు చూసుకోవడం మంచి అలవాటే, తిరిగి మామూలుగా పెట్టడం మరిచిపోయారో ఇదే గతి.

4. అసలు సైజులో రఫ్‌లు వేసి, మాటలు పెట్టండి

మాటలను చివర్లో ఇరికిద్దాం అనుకోకండి. కథలోని వాక్యాలను టైపు చేసి, ప్రింటు తీసి, కత్తిరించి రఫ్‌ల మీద పెట్టి చూడండి. మాటల వెనక ఆకాశమో గోడో, ఏదైనా ప్రశాంతంగా ఉన్న చోటు వదలాలి. అక్షరాలను మీ బొమ్మలో కలిపి గీసేయకండి. చాలా పుస్తకాలు వేరే భాషల్లోకి వెళ్ళేటప్పుడు అచ్చు యంత్రంలో ఒక్కో సిరాకు ఉండే ప్లేట్లలో రంగులవి అలాగే ఉంచి, అక్షరాలున్న నల్ల ప్లేటు ఒక్కటే మారుస్తారు. కొట్టు బోర్డు మీద, ఉత్తరం మీద మీరు రాసిన అక్షరాలు బొమ్మలో కలిసిపోయి ఉంటే అక్కడ చిక్కు. తప్పదంటే వాటిని ఫైలులో వేరే లేయరులో (బొమ్మ మీద పరిచిన విడి పొరలో) ఉంచండి.

మడతను మరవద్దు. మడతకు అటూ ఇటూ ఒక్కో సెంటీమీటరు మేర ముఖాలు, చేతులు, మాటలు రాకూడదు. స్క్రీన్ మీద స్ప్రెడ్ చదునుగా, చక్కగా కనిపిస్తుంది, పుస్తకంలో కుట్టాక పాప ముక్కు మడతలోకి జారిపోతుంది. తనిఖీ చాలా తేలిక: ప్రింటు తీసి, మడిచి, డమ్మీలో పెట్టి, మామూలుగా పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుని చూడండి.

ఈ దశలోనే ఇంకోటి చూసుకోవాలి. వాక్యం చెప్పిందే బొమ్మ మళ్ళీ చెబుతోందా? "ఆ రాత్రి పాపకు నిద్ర పట్టలేదు" అని వాక్యం ఉంటే, మంచం మీద కళ్ళు తెరుచుకుని ఉన్న పాపను వేయడం అందరూ చేసేదే. తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర, గొడుగు తగిలించే మేకు ఖాళీగా, కిటికీ అద్దానికి పాప ముక్కు ఆనిన చోట ఆవిరి మరక. నిద్ర ఎందుకు పట్టలేదో వాక్యం చెప్పలేదు, బొమ్మ చెప్పేసింది.

5. పిల్లల మీద పరీక్ష పెట్టండి

ముందు మాటలు లేకుండా బొమ్మలు మాత్రమే చూపించి, కథ చెప్పమనండి. మధ్యలో సాయం చేయకండి, నోరు కట్టేసుకోవడమే ఇందులో కష్టమైన పని. పిల్లలు ఎక్కడ ఆగారు, ఎక్కడ రెండు పేజీలు ఒకేసారి తిప్పేశారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు, రాసుకోండి. వెనక్కి వెళ్ళారంటే రెండు కారణాల్లో ఒకటి: ఏదో నచ్చిందో, ఏదో అర్థం కాలేదో. ముఖం చూస్తే తెలుస్తుంది. "బాగుందా?" అని మాత్రం అడగకండి, బాగుందనే అంటారు, పాపం.

తర్వాత పెద్దవాళ్ళలో ఒకరికి ఇచ్చి గట్టిగా చదవమనండి. పేజీ తిప్పే చోట వాక్యం తెగి నాలుక తడబడితే ఆ వాక్యం తప్పు పేజీలో ఉన్నట్టు.

6. రెండు మూడు స్ప్రెడ్‌లు మాత్రమే పూర్తిచేయండి

మొత్తం పుస్తకానికి రంగులు వేసి పంపాలనే ఉబలాటం ఆపుకోండి. ఎడిటర్ సైజు మార్చమనొచ్చు, రెండు స్ప్రెడ్‌లు కలిపేయమనొచ్చు, కుక్కపిల్ల బదులు పిల్లి పెట్టమనొచ్చు. రఫ్ మార్చడం గంట పని, ఫైనల్ మార్చడం వారం పని. రంగుల స్ప్రెడ్‌లు రెండో మూడో, మిగతావి రఫ్‌లు. ఎవరికైనా ఇది చాలు.

పేజీ 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు అనుకుంటే స్ప్రెడ్ 16 × 10. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే 4800 × 3000 పిక్సెళ్ళు. కటింగ్‌లో పోయే బ్లీడ్ ప్రతివైపూ 3 మిల్లీమీటర్లు కలిపితే దాదాపు 4870 × 3070. చిన్న ఫైలులో వేసి తర్వాత 300 అని అంకె మార్చితే బొమ్మ మారదు, మసక అలాగే ఉంటుంది. మొదటి నుంచే ఈ సైజులో మొదలుపెట్టండి. నీటిరంగులతో కాగితం మీద వేసేవాళ్ళు అసలు సైజులోనో, కాస్త పెద్దగానో వేసి 600లో స్కాన్ చేసుకుంటే నిశ్చింత. చిన్నగా వేసి పెంచితే కాగితం గరుకంతా ఇసకలా కనిపిస్తుంది.

రంగుల గురించి ఒక్కమాట. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ, నీలం, ఊదా రంగులు అచ్చులో నాలుగు సిరాలతో రావు, చప్పబడతాయి. సాఫ్ట్‌వేర్‌లో సీఎమ్‌వైకే ప్రివ్యూ (ఆ నాలుగు సిరాలతో ఎలా వస్తుందో చూపించేది) పెట్టుకుని చూస్తూ వేయండి. బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి కూడా చూడండి. పాప వెనక గోడలో కలిసిపోతే రంగులు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

7. పోర్ట్‌ఫోలియో: 10 నుంచి 15, అంతే

పోర్ట్‌ఫోలియో అంటే మీ పని చూపించడానికి ఏరి పెట్టిన బొమ్మల కట్ట. ఇందులో ఒకే పాత్ర మూడు నాలుగు వరుస బొమ్మల్లో కచ్చితంగా కనిపించాలి, అవి మీ డమ్మీలోంచే తీయండి. పిల్లలు ఏదో ఒక పని చేస్తున్న బొమ్మలు, జంతువులు, ఒక రాత్రి దృశ్యం, ఒక గుంపు, ఒక ఇంటి లోపల. చేతులు దాచకండి. జేబుల్లో, వీపు వెనక, గడ్డి వెనక చేతులు దాచిన బొమ్మలు వరసగా నాలుగు కనిపిస్తే చూసేవాళ్ళకు విషయం అర్థమైపోతుంది. సినిమా తారల ముఖాలు, దేవుళ్ళ పటాలు, కాలేజీ రోజుల్లో సాధనకు వేసిన నగ్న చిత్రాలు ఎంత బాగా వచ్చినా ఇక్కడ వద్దు. చూసేవాళ్ళు మిమ్మల్ని మీ అన్నిటికన్నా బలహీనమైన బొమ్మతోనే కొలుస్తారు, కాబట్టి అనుమానం ఉన్నది తీసేయండి. ఎనిమిదే మిగిలాయా, ఎనిమిదే పంపండి.

8. పంపండి

మీకు నచ్చిన పిల్లల పుస్తకాలు ఇరవై తీసుకుని, ఎవరు ప్రచురించారో రాసుకోండి. మీ బొమ్మల తీరుకు దగ్గరగా వేసేవాళ్ళను ఎంచుకోండి. వాళ్ళ వెబ్‌సైటులో బొమ్మలు ఎలా పంపాలో నియమాలుంటే అక్షరం పొల్లుపోకుండా పాటించండి. ఉత్తరం ఐదారు వాక్యాలు దాటకూడదు: మీరెవరు, ఏం పంపుతున్నారు, వాళ్ళ పుస్తకాల్లో ఏది చూసి పంపుతున్నారు, లింకు, చిన్న పీడీఎఫ్. "చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలంటే ప్రాణం" లాంటివి తీసేయండి, అందరూ అదే రాస్తారు.

సొంత కథ లేకపోయినా ఫర్వాలేదు. కథ ప్రచురణకర్త దగ్గర ఉంటుంది, దానికి బొమ్మలు ఎవరు వేయాలో సాధారణంగా వాళ్ళే ఎంచుకుంటారు. చాలాసార్లు రచయితా చిత్రకారులూ నేరుగా మాట్లాడుకోరు కూడా, మధ్యలో ఎడిటరే ఉంటారు. మొదట్లో ఇది వింతగా ఉంటుంది కానీ మీకు మంచిదే, లేకపోతే "పాప జడ ఇంకొంచెం పొడుగు" అని అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి.

ఇంకో దారి ప్రదర్శనలు. ఇటలీలోని బొలోన్యాలో 1964 నుంచి పిల్లల పుస్తకాల సంత జరుగుతోంది, 1967 నుంచి అక్కడ చిత్రకారుల ప్రదర్శన కూడా ఉంది. దానికి పంపాల్సింది ఒకే విషయం మీద 5 బొమ్మలు. చూశారా, అక్కడ కూడా వరుసే అడుగుతున్నారు. పుస్తకం అచ్చు కానివాళ్ళూ పంపవచ్చు. 1971లో అమెరికాలో మొదలై చాలా దేశాల్లో శాఖలున్న ఎస్‌సీబీడబ్ల్యూఐ అనే పిల్లల రచయితల, చిత్రకారుల సంఘం కూడా ఉంది, సభ్యత్వానికి రుసుము కట్టాలి.

పంపాక ఎవరికి, ఎప్పుడు, ఏది పంపారో పట్టిక రాసుకోండి. మూడు నెలలు ఆగి ఒకసారి గుర్తుచేయొచ్చు. ఎక్కువమంది నుంచి అసలు జవాబే రాదు, దానికి టెన్షన్ పడకండి. ఆరు నెలలకోసారి కొత్త బొమ్మతో మళ్ళీ పలకరించండి. బొమ్మలు దాచుకుని ఏడాది తర్వాత పిలిచినవాళ్ళు నాకు ఇద్దరున్నారు.

9. ఒప్పందం మీద సంతకం చేసే ముందు

ఆనందంలో చదవకుండా సంతకం చేసేస్తారు, అందుకే ఇది కాస్త సాగదీస్తాను.

డబ్బు రెండు రకాలుగా వస్తుంది. ఒకేసారి మొత్తం ఇచ్చేయడం ఒకటి. రాయల్టీ (అమ్ముడైన ప్రతి కాపీకీ మీకొచ్చే వాటా) మీద అడ్వాన్సు ఇవ్వడం రెండోది, ఆ అడ్వాన్సు మీ వాటాలోంచి తీరాకే కొత్త డబ్బు వస్తుంది. రాయల్టీలో శాతం ఎంతని మాత్రమే అడిగి ఊరుకోవద్దు, దేని మీద శాతమో అడగండి. ముఖవెల, అంటే పుస్తకం మీద వేసిన ధర, 100 అనుకుందాం, మీకు 5 శాతం, అడ్వాన్సు 10,000. ముఖవెల మీదైతే కాపీకి 5 వస్తుంది, 2,000 కాపీలు అమ్ముడయ్యాక మీకు కొత్తగా డబ్బు మొదలవుతుంది. ప్రచురణకర్తకు నికరంగా చేరిన సొమ్ము మీదైతే, వాళ్ళు దుకాణాలకు సగం ధరకు ఇచ్చారనుకోండి, కాపీకి 2.50 వస్తుంది, 4,000 కాపీలు అమ్ముడవ్వాలి. ఒకే 5 శాతం, రెండింతల తేడా.

ఇప్పుడు ఆ గంటల నోట్‌బుక్ తీయండి. ఒక స్ప్రెడ్‌కు రఫ్‌తో కలిపి 20 గంటలు పట్టిందనుకోండి, 15 స్ప్రెడ్‌లకు 300, ముఖచిత్రానికీ పేరు పేజీకీ అట్ట లోపలి పేజీలకూ ఇంకో 40, సవరణలకు 60. మొత్తం 400. ఇస్తానన్న సొమ్మును 400తో భాగించి, వచ్చిన అంకె చూసి నిదానంగా ఆలోచించుకోండి. చాలామంది చిత్రకారులు పాఠాలు చెప్పడమో, పత్రికలకు వేయడమో, ఇంకో ఉద్యోగమో పక్కన పెట్టుకునే నడుపుతారు, అందులో చిన్నతనమేమీ లేదు.

కాగితంలో వెతకాల్సినవి: కాపీరైట్ మీ పేరునే ఉంటుందా, మొత్తం రాసిచ్చేస్తున్నారా. ఏ భాషలు, ఏ దేశాలు, ఈ-బుక్కు, ఆట బొమ్మలు, చొక్కాలు, అన్నీ ఇందులోనే కలిపేశారా. ఎన్ని విడతల సవరణలు ఉచితం (రఫ్‌లో రెండు, ఫైనల్‌లో ఒకటి అని రాయించుకోండి, ఆపైన అదనపు రుసుము). మధ్యలో పుస్తకం ఆపేస్తే మీకెంత ఇస్తారు. ముఖచిత్రం మీద మీ పేరుంటుందా. అసలు బొమ్మలు తిరిగి ఇస్తారా. మీ బొమ్మలను ఏఐకి నేర్పడానికి వాడుకోవచ్చని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందా. డబ్బును మూడు భాగాలుగా అడగండి: సంతకం అప్పుడు, రఫ్‌లు ఒప్పుకున్నప్పుడు, ఫైనల్స్ ఇచ్చినప్పుడు. అంతా చివర్లో ఇస్తామంటే ఆ ఏడాదంతా మీరు వాళ్ళకు అప్పిచ్చినట్టు. అర్థంకాని వాక్యం ఉంటే ఒప్పందాలు తెలిసిన లాయరుకు చూపించండి.

10. పుస్తకం చేతికొచ్చాక

మీ కాపీలు రాగానే పెన్సిలు పట్టుకుని, ఆ పాత్ర జాబితా పక్కన పెట్టుకుని, మొదటి నుంచి చూడండి. మడతలో పోయినవి, రంగు తేలిపోయినవి, తప్పిన గుండీలు, అన్నీ ఒక కాగితం మీద పేజీ నంబర్లతో రాసి, సరిచేసిన ఫైళ్ళు ఆ వారంలోనే ఎడిటర్‌కు పంపి ఉంచండి. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు మిమ్మల్ని అడగడం ఎవరికీ గుర్తుండదు, ఫైలు అక్కడుంటేనే మారుతుంది. నా ఎర్ర సంచి అలాగే రెండో ముద్రణలో ఎడమ భుజానికి వచ్చింది.